మెట్లు దిగిన కొండగాలి

తాతారావు మాష్టారికి కోపం వస్తే ముందు కుడిచెవి ఎర్రబడుతుందని జమ్ములంక బడిపిల్లలందరికీ తెలుసు. ఆ చెవిని చూసుకునే వాళ్ళు పలకలు సర్దుకునేవారు. ఆ శనివారం పొద్దున్న ఏలూరు వెళ్ళే పడవలో ఆయనకు రెండు చెవులూ ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న అమ్మాజీ అది చూసి తల దించుకుంది. పక్కన ఆమె తండ్రి పెద్దింటయ్య ఉన్నాడు. ఏ తప్పూ చెయ్యకపోయినా చేసినవాడిలా కనిపించే మనిషి. తువ్వాలు మడతపెడుతూ, మళ్ళీ విప్పుతూ కూర్చున్నాడు.

మాష్టారి జేబులో అమ్మాజీ మార్కుల కాగితం ఉంది. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఆ పిల్లకు తెలుగులో అరవై రెండు వచ్చాయి, లెక్కల్లో డెబ్భై వచ్చాయి. సామాన్య శాస్త్రంలో మాత్రం ముప్పై మూడు. ముప్పై అయిదు వస్తేనే పాసు. రెండు మార్కులకు పిల్ల పరీక్ష మొత్తం పోయింది.

కాగితం అడుగున ఒక ముక్క అచ్చువేసి ఉంది. అభ్యంతరాలున్నవారు శనివారం సాయంత్రం అయిదు గంటలలోగా ఏలూరు ఆఫీసుకు వచ్చి చెప్పుకోవలెను అని. ఆ కాగితం జమ్ములంకకు చేరిందే శుక్రవారం సాయంత్రం. పట్నంలో ఉన్నవాళ్ళకు వారం రోజుల గడువు, కొల్లేటి నడుమ ఉన్నవాళ్ళకు ఒక్క పూట. ఇదెక్కడి న్యాయమో చెప్పమని మాష్టారు పడవవాణ్ణి నిలదీశాడు. పాపం, వాడేం చెబుతాడు? గెడ వేసుకుంటూ పోయాడు.

పాసైతే అమ్మాజీకి ఏలూరు ట్రైనింగు స్కూల్లో సీటు వస్తుంది. రెండేళ్ళు చదివితే పంతులమ్మ అవుతుంది. జమ్ములంకలో అమ్మాజీకి ముందు ఏ ఆడపిల్లా అయిదో తరగతి దాటలేదు. వలలు కట్టుకునే ఇళ్ళ నుంచి ఒక పంతులమ్మ రావడం చూసి గాని కన్ను మూయనని మాష్టారు నలుగురిలో అనేశాడు కూడా. ఫెయిలైతే మాత్రం పెద్దింటయ్య తన మాట ముందే చెప్పాడు. ఇంకో ఏడాది కూర్చోబెట్టి చదివించే తాహతు తనకు లేదు. ఏలూరు రైలు స్టేషను వెనక, తను పనిచేసే ఐసు షెడ్డులో ఆడపిల్లలకు పని ఇస్తున్నారు, సోమవారం నుంచి అందులోకి పోతుంది. ఆ మాట అంటున్నప్పుడు అతను కూతురి వైపు చూడలేదు కాని మాట మాత్రం మారలేదు.

అసలు ఈ గొడవంతా కొండగాలి దగ్గర మొదలైంది.

జమ్ములంకలో నిలబడి ఎటు చూసినా నీళ్ళూ ఆకాశమూ తప్ప ఏమీ కనబడదు. వరదకు మునగకుండా ఊరు కట్టుకున్న మట్టిదిబ్బే ఆ పిల్లలు చూసిన పెద్ద ఎత్తు. అలాంటి పిల్లలకు సామాన్య శాస్త్రం పుస్తకంలో పదకొండో పాఠం పర్వత పవనం. ఆ పుస్తకం రాసిన మహానుభావుడి ఇంటిముందు కొండ ఉండి ఉంటుంది. అందరి ఇంటిముందూ ఉంటుందనుకున్నాడు. "రాత్రివేళ పర్వత సానువులు శీతలమగుటచే తత్సంసర్గ వాయువు భారమై లోయలోనికి దిగును" అని ఒక్క వాక్యంలో తేల్చేసి, కింద ఒక బొమ్మ వేసి, చేతులు దులుపుకున్నాడు.

ఆ వాక్యాన్ని తాతారావు మాష్టారు ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాడు. నిజం చెప్పుకోవాలంటే ఆయనకూ దాని సంగతి తెలియదు. జన్మలో ఒక్కసారి ద్వారకాతిరుమల కొండ ఎక్కాడు. మధ్యాహ్నం ఎక్కి, దర్శనం చేసుకుని, పొద్దుండగానే దిగిపోయాడు. కొండగాలి దిగే వేళకు ఆయన సత్రంలో పులిహోర తింటున్నాడు.

ఆ ఏడు మాఘమాసంలో పదకొండో పాఠం వచ్చింది. పిల్లలు వల్లె వేస్తుండగా అమ్మాజీ లేచి నిలబడి, ఇది ఐసు గంప దగ్గర చలేనండీ, అంది. క్లాసంతా గొల్లుమంది. మాష్టారి కుడిచెవి ఎర్రబడింది. హిమాలయాలెక్కడ, చేపల గంపలెక్కడ? పాఠాన్ని ఎగతాళి చేస్తోందనుకుని బెంచీ ఎక్కించాడు. ఆ పిల్ల గంటసేపు బెంచీ మీద నిలబడి, దిగమన్నాక దిగి, మళ్ళీ అదే మాట అంది. వాదించడం అమ్మాజీకి చేతకాదు. మాట మార్చుకోవడమూ చేతకాదు. ఒక్కసారి మా నాన్న పనిచేసే చోటికి వచ్చి కూర్చోండి మాష్టారండీ, అని మాత్రం అడిగింది.

పిల్ల పొగరు అణచాలనే ఆయన వెళ్ళాడు. శివరాత్రి దాటిన ఆదివారం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. స్టేషను వెనక తాటాకు షెడ్డు, మూడు పక్కలా దడి. కొల్లేటి చేపలు అక్కడికి చేరి, గంపల్లో ఒక వరస చేప, ఒక వరస ఐసుముక్కలు సర్దించుకుని కలకత్తా రైలెక్కుతాయి. షెడ్డు నేల వాలుగా ఉంటుంది, కరిగిన నీళ్ళు కిందివైపు కాలువలోకి పోవడానికి. పైవైపు అరుగు మీద ఐసు దిమ్మలు పేర్చి, ఊక పోసి, గోనెపట్టాలు కప్పుతారు.

అక్కడొక ఆనవాయితీ ఉంది. పాతవాళ్ళంతా అరుగుకు పక్కల కూర్చుంటారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు వాలు అడుగున, కాలువ దగ్గర పీట వేస్తారు. ఎందుకో చెప్పరు. ఎవరికి వారు తెలుసుకోవలసిందే. మాష్టారు కొత్తవాడు కనుక ఆయనకూ అక్కడే పీట వేశారు. ఆయన పంచె సర్దుకుని దర్జాగా కూర్చున్నాడు. అరుగు మీద గోనెపట్టాలు ఎత్తారు. తాటాకు ఒక్కటి కదల్లేదు, ఎక్కడా గాలి లేదు. అయినా కాసేపటికి ఆయన పాదాల మీదికి ఏదో జారుకుంటూ వచ్చినట్టయింది. నుదుటి మీద చెమట కారుతూనే ఉంది, కాలివేళ్ళు మాత్రం కొంకర్లు పోతున్నాయి. ఆయన కాళ్ళు పైకి లాక్కోగానే ఐసు కొట్టే ఆడవాళ్ళంతా చేతిలో పని వదిలేసి పడీపడీ నవ్వారు. వాళ్ళ కాళ్ళకు గోనెపీలికలు చుట్టుకుని ఉండటం ఆయన అప్పుడు చూశాడు.

మాష్టారు వచ్చాడని పెద్దింటయ్య బీడీని వీపు వెనక దాచుకున్నాడు. దారి చూపిస్తూ వెంట వచ్చిన అమ్మాజీ దాన్ని బయటికి తియ్యమంది. పెద్దల ముందు బీడీ కాల్చడమేమిటని అతను చచ్చేంత సిగ్గుపడ్డాడు, చివరికి కూతురి పోరు పడలేక ఒక దమ్ము పీల్చి ఐసు దిమ్మ మీద వదిలాడు. ఆ పొగ పైకి పోలేదు. దిమ్మ అంచున ఒక్క క్షణం తారట్లాడి, అరుగు దిగి, నేలను అంటిపెట్టుకుని, వాలు వెంట మెల్లగా వచ్చి మాష్టారి పాదాల దగ్గర పరుచుకుంది.

ఇరవై ఏళ్ళుగా నోటితో చెప్పిన వాక్యం ఆయనకు కాళ్ళతో అర్థమైంది.

మర్నాడు బడిలో ఆ సంగతి దాచుకోలేదు. అర్థం తెలియకుండానే ఇన్నేళ్ళూ చెప్పానని పిల్లల ముందు ఒప్పుకుని, పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. పొద్దంతా ఎండకు కాగిన కొండ, పొద్దుగూకాక తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. రాయి చల్లబడుతుంది. రాయిని తాకుతూ ఉన్న గాలీ చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి ముడుచుకుని బరువెక్కుతుంది. అంతే ఎత్తులో కొండకు ఎడంగా ఉన్న గాలి ఇంకా వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. అప్పుడు బరువుగాలి తేలికగాలిని పక్కకు నెట్టుకుంటూ వాలు వెంట పల్లానికి జారుతుంది. నీళ్ళకు పల్లం ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కరలేదు, చల్లగాలికీ అంతే. చిన్న కొండయితే ఆకు కదిలేంత గాలి. భూమికి అడుగున దక్షిణ ధ్రువం దగ్గర దేశమంతా మంచుగడ్డే. అక్కడ వందల మైళ్ళ వాలు మీద జారి జారి సముద్రం ఒడ్డుకు వచ్చేసరికి మనుషుల్ని పడదోసేంత గాలి అవుతుందట.

కొండ మీద సూరీడు దగ్గర కదండీ, వేడిగా ఉండొద్దా, అని వెనక బెంచీ వాడొకడు అడిగాడు. సూరీడు కోట్ల మైళ్ళ దూరంలో ఉన్నాడనీ, ఒక మైలు ఎక్కినంత మాత్రాన ఆయనకు మనం దగ్గర బంధువులం అయిపోమనీ మాష్టారు చెప్పాడు. పిల్లలు నవ్వారు. ఆ రోజు పాఠం ఎవరూ వల్లె వెయ్యలేదు, అయినా అందరికీ వచ్చేసింది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నీ మాటల్లోనే రాయమ్మా, అని ఆయన అమ్మాజీకి ప్రత్యేకంగా చెప్పాడు.

ప్రశ్న వచ్చింది. అయిదు మార్కుల ప్రశ్న. అమ్మాజీ తన మాటల్లోనే రాసింది. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే దెబ్బ తగిలి ఉంటుందని మార్కులు చూసిన క్షణంలోనే మాష్టారికి అనుమానం వచ్చింది. అందుకే ఆయన కోపంలో సగం తన మీద తనకే.

ఆఫీసు కాలువ గట్టు దగ్గర ఒక అద్దె మేడ మీద ఉంది. వీధి తలుపు తీయగానే రెండు గోడల మధ్య ఇరుకైన మెట్లు, సగం ఎక్కాక ఒక మలుపు, మళ్ళీ మెట్లు. పైన జగ్గారావు గారని పేపర్లు దిద్దించే ఆఫీసరు కూర్చుంటాడు. తెల్లటి గ్లాస్గో పంచె, జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎర్రసిరా. రోహిణీకార్తె ఎండ కిటికీల్లోంచి నిప్పులు చెరుగుతుంటే, గుమాస్తాలు కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నారు.

ఆయన దుర్మార్గుడేమీ కాదు. పేపరు తెప్పించడానికి అభ్యంతరం చెప్పలేదు. కాని తెప్పించాక పిల్ల ఎదురుగానే గుమాస్తాలకు వినబడేలా చదివాడు, అదీ ఒళ్ళు మండే సంగతి. అమ్మాజీ ఇలా రాసింది: "అరుగు మీద ఐసు దిమ్మకు గోనె తీసినప్పుడు చలి పక్కకు పోదు, పైకి పోదు, కింద కూర్చున్నవాళ్ళ కాళ్ళ మీదికి దిగును. ఏలననగా చల్లగాలి బరువు. రాత్రి కొండ కూడ అరుగు మీది ఐసు వంటిదే. దాని చుట్టూ ఉన్న గాలి చల్లబడి బరువై పల్లములోనికి జారును." కింద కొండ బొమ్మ వేసింది. ఎన్నడూ కొండ చూడని పిల్ల, తనకు తెలిసిన ఆకారమే వేసింది. మెట్టుమెట్టుగా పేర్చిన దిమ్మలు, పైన గోనెపట్టా, అడుగున పీట మీద ఒక మనిషి, మనిషి కాళ్ళ వైపు బాణం గుర్తులు. దాని పక్కన ఎర్రసిరాతో సున్నా. సున్నా కింద 'ఇది కొండయా, చేపల బజారా?' అని ఉంది.

గుమాస్తాలు నవ్వారు. పెద్దింటయ్య కూడా మర్యాద కోసం నవ్వబోయి కూతురి మొహం చూసి మానేశాడు.

తాతారావు మాష్టారు పాఠ్యపుస్తకం తీసి పక్కన పెట్టాడు. పర్వత సానువులు శీతలమగుట అన్న చోట పిల్ల కొండ చల్లబడటం రాసింది. వాయువు భారమై అన్న చోట గాలి బరువు రాసింది. లోయలోనికి దిగును అన్న చోట పల్లంలోకి జారును రాసింది. ఏ ముక్క తక్కువైందో వేలు పెట్టి చూపించమన్నాడు. జగ్గారావు గారు వేలు పెట్టలేదు. పుస్తకంలో మాటల్లో ఒక్కటైనా ఈ జవాబులో లేదన్నాడు. సానువు లేదు, సంసర్గం లేదు, గోనెపట్టాలు మాత్రం ఉన్నాయన్నాడు. అందరూ ఇంట్లో చూసిందల్లా రాసుకుంటూ పోతే ఇక పుస్తకాలెందుకని అడిగాడు.

"ఏవండీ మాష్టారూ, మీ పిల్ల మీద మీకు అభిమానం ఉండొచ్చు. కాని ఐసు గంపలోంచి గాలి దిగుతుందని ఎవరు చూశారండీ?"

"నేను చూశానండీ. కాళ్ళతో చూశాను."

మళ్ళీ గుమాస్తాలు నవ్వారు. జగ్గారావు గారు పేపరు మూసి, ఇక వెళ్ళవచ్చన్నాడు. గోడగడియారం రెండు కొట్టింది. మాష్టారు లేచి నిలబడి, గడువు అయిదింటి దాకా ఉంది కదండీ, అన్నాడు. ఉందని ఒప్పుకోక తప్పలేదు ఆఫీసరుకు.

వీధిలోకి రాగానే ఆయన స్టేషను వైపు దారితీశాడు. రెండు ఐసు దిమ్మలు, ఒక రిక్షా, నాలుగు గోనెలు. పెద్దింటయ్య వెనకే నడుస్తూ తువ్వాలు మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఎందుకొచ్చిన గొడవండీ మాష్టారండీ, పెద్దోళ్ళతోటి. పిల్ల రాతలో లేదనుకుంటానండీ."

"రాతలో ఉంది పెద్దింటయ్యా. దిద్దినవాడికి చదవడం రాలేదు. నువ్వు దిమ్మ పట్టు."

పాతికేళ్ళుగా ఐసు మోస్తున్న మనిషి కనుక చేతికి పని చెప్పగానే తువ్వాలు తలకు చుట్టేశాడు. ఊక కడిగేసిన దిమ్మల్ని గోనెల్లో చుట్టి, మెట్ల మలుపు దాకా ఒక్కడే ఎక్కించి, ఒకదాని మీద ఒకటి పెట్టాడు. బంట్రోతు పరుగున వచ్చి, ప్రభుత్వ మెట్ల మీద ఐసు పెట్టకూడదని అడ్డు తగిలాడు. అలా అని ఎక్కడ రాసి ఉందో చూపించమని మాష్టారు అడిగాడు. బంట్రోతు ఆలోచించాడు. ఆలోచిస్తూ ఆ దిమ్మకు చెంప ఆనించుకున్నాడు. ఆపైన అతను మాష్టారి మనిషైపోయాడు. బయటి వడగాలి లోపలికి కొడితే పని చెడుతుందని అమ్మాజీ చెబితే వీధి తలుపు తానే వెళ్ళి మూశాడు.

గోనెలు తీశారు. అమ్మాజీ అడుగు మెట్టు మీద కూర్చుని చూసింది. మొదట ఏమీ లేదు. మాష్టారి చెవులు ఎర్రబడుతూ పాలిపోతూ ఉన్నాయి. ఇక్కడ నేల వాలు కాదు, మెట్లు. షెడ్డులో అయినట్టు ఇక్కడ కాకపోతే పిల్ల పరువు, తన పరువు ఒక్కసారే పోతాయి. కాసేపటికి ఆ పిల్ల కాలివేళ్ళు ముడిచి, నాన్న వైపు చూసి తల ఊపింది.

బంట్రోతు ఆమె పక్కన కూర్చున్నాడు. మంచినీళ్ళకని దిగిన గుమాస్తా ఒకడు అడుగు మెట్టు దగ్గర ఆగి, చెప్పులు విడిచి, తిరిగి పైకి పోలేదు. అతన్ని వెతుక్కుంటూ ఇంకొకడు దిగాడు. మూడున్నరయ్యేసరికి ఆఫీసులో సగం మంది కింది మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఇందాక నవ్విన వాళ్ళే. పైన జగ్గారావు గారు బల్ల మీది గంట కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు.

చివరికి చేతిలో సిగరెట్టుతో ఆయనే బయటికి వచ్చాడు. మలుపు దాకా దిగి, ఐసు దిమ్మల్ని చూసి, ఇదేమిటని గద్దించబోయి వాటి మీదికి వంగాడు. సిగరెట్టు పట్టుకున్న చెయ్యి దిమ్మ పక్కన ఉండిపోయింది. వేళ్ళ సందున లేచిన పొగ జానెడు కూడా పైకి పోలేదు. వంగి, దిమ్మను రాసుకుంటూ మొదటి మెట్టు దిగింది. అంచు దాటి రెండో మెట్టు మీద పరుచుకుంది. మూడోది, నాలుగోది. ఆయన చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి కాస్త ఎత్తితే పొగ మామూలుగా పైకి పోయింది. దించితే మళ్ళీ మెట్లు దిగింది. అలా రెండు మూడు సార్లు ఎత్తాడు, దించాడు. కింద కూర్చున్న గుమాస్తా ఒకడు దగ్గాడు.

ఆయన మెల్లగా కిందికి వచ్చాడు. గుమాస్తాలు లేచి దారి ఇచ్చారు. అడుగు మెట్టు మీద చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాడు. తరవాత మొదటిసారిగా అమ్మాజీ మొహం చూసి మాట్లాడాడు. కిందికి దిగేకొద్దీ ఆ గాలి వెచ్చబడుతుంది కదా, మరి మధ్యలో ఎందుకు ఆగిపోదని అడిగాడు. అది పుస్తకంలో లేని ప్రశ్న. మాష్టారు చెప్పనూ లేదు.

అమ్మాజీ మెట్ల వైపు చూసి ఆలోచించుకుంది.

"వెచ్చబడుతుందండీ. పై మెట్టు మీద ఉన్నంత చలి ఇక్కడ లేదండీ. అయినా పక్కనున్న గాలి కంటే చల్లగా ఉన్నంతసేపూ దాని బరువు దానికుంటుందండీ. సమానం అయిపోతే అప్పుడు ఆగుతుంది."

జగ్గారావు గారు గడియారం చూసుకున్నాడు. నాలుగున్నర. పేపరు తెమ్మని గుమాస్తాను పంపించి, మెట్టు మీదే కూర్చున్నాడు. జవాబు మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు, ఈసారి పైకి కాదు. ఎర్రసిరా పెన్ను తీసి, సున్నాను అడ్డంగా కొట్టేసి, పక్కన రెండు వేశాడు. దాని పక్కన 'దయతో' అని రాశాడు. ముప్పై మూడూ రెండూ ముప్పై అయిదు. పాసు. తన తీర్పు తనకే నచ్చినట్టుగా, పేపరును మాష్టారికి కనబడేలా తిప్పాడు.

పెద్దింటయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తాతారావు మాష్టారి చెవుల్లో ఎరుపు దిగిపోయింది. అయిదుకు రెండేమిటన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. వచ్చింది, కాని పాసు అనే మాట ముందు అది చిన్నదైపోయింది. పిల్లకు సీటు దొరుకుతుంది, ఇంక ఎందుకు తెగేదాకా లాగడం? పద అమ్మా, ఆయనకు దణ్ణం పెట్టు, అనబోయాడు.

అమ్మాజీ దణ్ణం పెట్టలేదు. పేపరు మీదికి వంగి ఆ ఎర్రసిరా మాటను కూడబలుక్కున్నట్టు చదివింది. ఆ పిల్లకు మొహం ఎర్రబడటం మాష్టారు అదే మొదటిసారి చూడటం.

"దయ ఎందుకండీ?" అంది.

జగ్గారావు గారు అర్థం కానట్టు చూశాడు. గ్రేసు మార్కులంటారనీ, పాసవడానికి అవి చాలనీ, ఇంక బెంగ అక్కరలేదనీ చెప్పాడు. పెద్దింటయ్య కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. నోర్ముయ్యవే తల్లీ, అని గొంతులోనే అన్నాడు. మాష్టారు కూడా ఊరుకోమన్నట్టు చెయ్యి ఆడించాడు. గడువుకు ఇరవై నిమిషాలుంది. ఆఫీసరుకు కోపం వచ్చి కొట్టేస్తే ఆ రెండూ పోతాయి, సోమవారం నుంచి ఐసు షెడ్డు.

అమ్మాజీ చెయ్యి విడిపించుకోలేదు, గొంతూ పెంచలేదు.

"జవాబు తప్పయితే సున్నా ఉంచెయ్యండి బాబుగారూ. నేను షెడ్డులోకే పోతాను. ఒప్పయితే అయిదు వెయ్యండి. దయ వద్దండీ."

ఐసు కరిగిన నీళ్ళు పై నుంచి ఒక్కొక్క మెట్టూ దిగుతూ ఆఫీసరు గారి గ్లాస్గో పంచె అంచు తడిపేశాయి. ఆయన చూసుకోలేదు. తాతారావు మాష్టారు తలదించుకున్నాడు. పొద్దున్నుంచి ఊరందరి మీదా ఎగిరిన మనిషి, అడగవలసిన మాట దగ్గరికి వచ్చేసరికి తానే చల్లబడ్డాడు. ఆ సిగ్గుతో ఒక్క అడుగు ముందుకు వేసి పిల్ల పక్కన నిలబడి, ఆమె అడిగింది న్యాయమేనండీ, అన్నాడు.

జగ్గారావు గారు పెన్ను మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. 'దయతో' అన్న మాటను ఒకటికి రెండుసార్లు కొట్టేసి, రెండును అయిదు చేసి, కింద సంతకం పెట్టి తారీఖు వేశాడు. మాష్టారు ఆ పేపరును చేతిలోకి తీసుకుని, సిరా ఆరేదాకా గుమాస్తాకు ఇవ్వలేదు.